ఈ మిషన్

టైపు చేసిన ఆ పాత కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. ఫుల్‌స్టాప్ పడ్డ ప్రతిచోటా చిల్లు ఉంది. నక్షత్రాల్లా మెరుస్తున్నాయని రాద్దామనుకున్నాను గానీ, ఆమె బతికుండి అది చదివితే చెప్పు తీసుకునేది. చిల్లులే. వాక్యం ముగిసిందంటే ముగిసినట్టే, దాని వెనకాల ఎవడూ ఒక్క మాట చేర్చకూడదు అన్నంత కసిగా ఆ మీటను కొట్టేది.

ఆమె పోయిందని సోమవారం ఫోనొచ్చింది. చేసినవాడు వెల్డరు మస్తాన్. "అన్నా, సెక్రెట్రక్క పోయిందన్నా" అన్నాడు. ఫోను పెట్టేసి, అటక మీది ట్రంకు పెట్టె దించి, నాకు పని ఇచ్చినప్పుడు ఆమె టైపు చేసిన ఈ కాగితం వెతుక్కున్నాను.

పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆమె పలికేది కాదు. "పేరు మా ఇంట్లోవాళ్లకి. ఈడ నేను సెక్రెటరీని" అనేది. సోమందేపల్లె దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఐదో తరగతి దాటని మెట్టరైతు ఒకాయన మిషన్లు కనిపెట్టేవాడు. ఆయన్ని అందరం మిషనన్న అనేవాళ్లం. ఆయనకొచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు, ఒప్పందాలు, పేటెంటు కాగితాలు, తగాదాలు అన్నీ చూసే ప్రైవేటు సెక్రెటరీ ఈమె. నేను డ్రాయింగులు గీసేవాణ్ణి. తొంభైల చివర్లో అనంతపురంలో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. నలభై ఏళ్ల వయసులో ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుని దిక్కులు చూస్తుంటే ఆ షెడ్డులో పని దొరికింది.

ఆమె ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టిందని మాత్రం తెలుసు. ఎడమ చెవి తమ్మె కిందిదాకా చీలి ఉండేది. చేరిన మొదటి వారమే, అడగకూడనిది అడిగాను.

"పోగు తెగింది" అంది, టైపు ఆపకుండా.

"ఎట్లా తెగింది?"

"లాగితే తెగుతాది."

చెవిపోగు లాగినవాడు ఎవరో, వాడు తర్వాత ఏమయ్యాడో అడిగే ధైర్యం నాకు ఆ తర్వాత కూడా రాలేదు. కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండేది. దాని ములుకు ఎంత సన్నగా చెక్కేదంటే, ఆమె తల తిప్పినప్పుడల్లా నేను కాస్త వెనక్కి జరిగేవాణ్ణి.

ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. నన్ను ఒకసారి స్టీలు స్కేలుతో కొట్టింది. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే వేళ్ల కణుపుల మీద చురుక్కుమనేట్టు కొట్టింది. మిషన్ నోటికి అడ్డంగా ఉండాల్సిన కమ్మీని డ్రాయింగులో మర్చిపోయాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె స్కేలు తుడిచి పక్కన పెట్టింది.

"నొచ్చెనా?"

నేను వేళ్లు చంకలో దాచుకున్నాను.

"కమ్మీ లేకుంటే కూలోళ్ల చెయ్యి లోపలికి పోతాది. అప్పుడు ఇంగా నొస్తాది. మళ్లా గీయి."

ఉద్యోగం మానేద్దామనుకుంటూ ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున్నే పోయి మళ్లీ గీశాను.

ఆ రోడ్డు మీద నెత్తురు మాకు కొత్త కాదు. ఒకరోజు పట్టపగలు, షెడ్డుకు ఎదురుగా ఒక జీపును అడ్డగించి, లోపలున్న మనిషిని బయటికి లాగి, మేము చూస్తుండగానే నరికి పోయారు. రెండు ఊళ్ల పార్టీల గొడవ. బస్సులు ఆగకుండా పక్కనుంచి తప్పుకుని పోతున్నాయి. మేమంతా షెడ్డు తలుపు మూసుకున్నాం. ఆమె ఆ తలుపు తెరుచుకుని పోయి, మిషన్ మీద కప్పే టార్పాలిన్ పట్ట ఆ మనిషి మీద కప్పి, ఎగిరిపోకుండా నాలుగు వైపులా రాళ్లు పెట్టి వచ్చింది. చేతులు కడుక్కుంది. మళ్లీ టైపు మిషన్ ముందు కూచుంది. పట్ట ఏదని మిషనన్న అడిగితే, "ఇంకొకటి కొందాం లే అన్నా" అంది. ఆరోజు పోస్టు టయానికే పోయింది.

మిషనన్న సంగతి చెప్పాలి. మావైపు వేరుశనగను బుడ్డలంటాం. పీకిన చెట్ల నుంచి బుడ్డలు ఒక్కొక్కటే చేత్తో తెంపీ తెంపీ ఆడవాళ్ల వేళ్లు పగిలిపోతాయి. వాళ్లావిడ గోళ్లు ఊడి, అన్నం కలుపుకోలేక కంచం ముందు ఏడవడం చూసి, పీకిన చెట్టు పచ్చిగా ఉండగానే బుడ్డలు తెంపే మిషన్ చేయాలని పట్టుబట్టాడు. నాలుగు చెడిపోయాక ఐదోది పనిచేసింది. అంత బుర్ర ఉన్న మనిషికి ఒకటే రోగం. ఎవరడిగినా సరే అనేవాడు. "ఎంత తెలివప్పా నీది!" అని ఒక్క మాట అంటే చాలు, మిషన్ అంతా విప్పి, డ్రమ్ముకు పళ్లు ఏ వాలులో పెట్టాడో చూపించేవాడు. "తీసుకపో అన్నా, రైతులకు పనికొస్తాది గదా" అనేవాడు.

దానికి ఆమె కనిపెట్టిన మందు వక్కాకు. బేరగాడి స్కూటరు చప్పుడు వినపడగానే ఆకు, వక్క, సున్నం కలిపి పిడికెడు చుట్ట చుట్టి ఆయన నోట్లో కుక్కేది. బుగ్గలు రెండూ ఉబ్బి, పెదాల సందున ఎర్రగా కారుతుంటే ఆయన తల ఊపగలడు గానీ మాటివ్వలేడు. తల ఊపితే చెల్లదని వచ్చినవాళ్లకు ఆమె ముందే చెప్పేది. షెడ్డులో ఆమె కనిపెట్టిన మిషన్ అదొక్కటే, ఎన్నడూ చెడిపోలేదు.

ఒకసారి ఒక ఏజెంటు రాతలేని స్టాంపు కాగితం తెచ్చి, "సంతకం పెట్టియ్ అన్నా, తక్కినవి మేం రాసుకుంటాం" అన్నాడు. మిషనన్న చెయ్యి పెన్ను మీదికి పోతోంది. ఆమె ఆ కాగితం లాక్కుంది. అడ్డంగా చించింది, నిలువుగా చించింది, ఉండ చుట్టింది. ఏజెంటు "ఏమ్మా, బుద్ధుందా?" అని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఆ ఉండ కుక్కి, గడ్డం కింద అరచేయి పెట్టి మూసింది.

"నములు. మా అన్న వక్కాకు నమల్తాండాడు. నువ్వు కాగితం నములు."

వాడు నమిలాడు. ఆడమనిషి కదా అని మొదట నవ్వబోయి, ఆమె కళ్లు చూసి నమిలాడు. ఉమ్ముకుంటూ స్కూటరెక్కాడు. నేను ఇంటికి పోయి మా ఆవిడకు చెబితే నమ్మలేదు.

ఇక ఆమె లేని ఆ నాలుగు రోజుల సంగతి.

కోయంబత్తూరు వైపు కంపెనీ ఒకటి మిషన్ను పెద్దెత్తున చేసి ఊరూరా అందిస్తామని ముందుకొచ్చింది. ఆ మాటలు తేల్చుకోవడానికి ఆమె పోవాల్సొచ్చింది. పోతూ వక్కాకు పొట్లం నా చేతిలో పెట్టింది. "ఎవురొచ్చినా అన్న నోరు ఖాళీగా ఉండకూడదు. ఇంగ నీకేం పని లేదు" అంది.

మూడో రోజు పెద్దాయన వచ్చాడు. ఆయన ఊరు చెప్పను. ఆ చుట్టుపక్కల పంచాయితీలన్నీ ఆయన అరుగు మీదే తెగేవి. ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదు. పెంచాల్సిన పని వెనకున్నవాళ్లు చూసుకునేవాళ్లు. జీపు ఆగకముందే నేను మిషనన్న నోట్లో చుట్ట కుక్కాను. నా పని నేను చేశాను, దేవుడు సాక్షి.

"మిషన్ అరవోళ్లకు ఇచ్చేసినావంటనే" అన్నాడు పెద్దాయన, చాలా నొచ్చుకున్నట్టు. "మన మట్టిలో పుట్టిన సొమ్ము. నన్నొక మాట అడగల్ల అనిపించలేదా అప్పా?"

మిషనన్న అడ్డంగా తల ఊపాడు. ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నది నిజమే. కాగితాల మీద సంతకాలు కాలేదు.

"ఇయ్యలేదా? అట్లయితే కర్పూరం ఆర్పు."

మావైపు మాట నిజమని తేల్చాలంటే వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి. అమాయకుడి దగ్గర మాట తీసుకోవాలంటే భయపెట్టనక్కర్లేదు, అనుమానిస్తే చాలు. మిషనన్న మొహం ఎర్రబడింది. కర్పూరం తెమ్మని సైగ చేశాడు. పెద్దాయన ఆయన బుగ్గల వైపు చూశాడు.

"ఎంగిలి నోటితోనా ప్రమాణం? ఊంచేసి, పుక్కిలించుకోని రాప్పా."

ఆ మాట ఆమెకు తట్టలేదు, నాకు తట్టలేదు. మిషనన్న పోయి పుక్కిలించి వచ్చాడు. నేను పొట్లం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎడమచెయ్యి మిషన్ మీద వేయించి, పెద్దాయన ఒక్కొక్క మాట చెప్పాడు, ఈయన అన్నాడు: "ఈ మిషన్ నీకు తప్ప ఇంగెవురికైనా ఇస్తే నా చేతులు పడిపోవల్ల." కుడి అరచేత్తో మంటను ఆర్పాడు.

"ఎల్లుండి ట్రాక్టరు పంపిస్తా" అన్నాడు పెద్దాయన లేస్తూ. "మిషన్ ఎక్కియ్. నువ్వు గూడా వొచ్చేయ్. ఇంగ మా తోటలోనే నీకు షెడ్డు. ఏం చేసినా మాకే చేద్దువు."

ఆ తోట సంగతి అందరికీ తెలుసు. అందులోకి పోయిన బోరు మెకానిక్ ఒకడు మూడేళ్ల తర్వాత కుంటుకుంటూ బయటికొచ్చాడు. ఎందుకు కుంటుతున్నాడో వాడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ట్రాక్టరు రావాల్సిన రోజు పొద్దున ఆమె బస్సు దిగింది. విషయం నేనే చెప్పాను. బల్ల మీది స్టేప్లర్ నా చెవి పక్కనుంచి పోయి రేకుకు తగిలింది. తర్వాత మిషనన్న వైపు తిరిగింది.

"కర్పూరం కోర్టులో చెల్లదన్నా!"

ఆయన అరచేయి తెరిచి చూపించాడు. మధ్యలో నల్లగా కమిలి బొబ్బ లేచి ఉంది. "నా చేతికి చెల్తాది సెక్రెట్రీ" అన్నాడు. "నేను పోతా. మాట మాటే."

"పోతే మళ్లా రావు."

"రాను."

ఆమె కుర్చీలో కూలబడింది. టైపు మిషన్ ముందు కూచుని ఒక్క మీట కూడా కొట్టకపోవడం నేను చూసింది అప్పుడే.

మధ్యాహ్నం పెద్దాయన జీపు, వెనక ట్రాక్టరు ట్రాలీలో పదిమంది మనుషులు వచ్చారు. చేతుల్లో ఇనప పైపులు. మస్తాన్ గేటు దగ్గర అడ్డంగా నిలబడి, "అన్నను యాడికీ తీసుకపోనియ్య" అన్నాడు. వాడి మాట పూర్తి కాలేదు, పైపు తల మీద పడింది. మోకాళ్ల మీద కూలబడి, కళ్లల్లోకి కారుతున్న నెత్తురును తుడుచుకుంటూ ఇంకా "పోనియ్య" అంటూనే ఉన్నాడు. రెండో దెబ్బకు పక్కకు ఒరిగాడు. నేను డ్రాయింగులు చొక్కాలో దోపుకుని ఆయిలు డ్రమ్ము వెనక్కి పాకాను. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా పాకాను.

ఆమె లేచింది. కొప్పులోని పెన్సిలు పెరికింది. షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసుకుని పెద్దాయన ముందుకు పోయింది.

"ఎక్కించుకోండి పెద్దాయనా. కాదనేదానికి నేనెవురు? అయితే నేను సెక్రెటరీని. ఏం మాట మీద ఏం ఇచ్చినామో రాసుకోకుంటే రేపు మీకే మాటొస్తాది. ఆపొద్దు అన్న ఏమని ప్రమాణం చేసినాడో చెప్పండి, రాసుకుంటా."

పెద్దాయనకు నవ్వొచ్చింది. చెప్పాడు. ఆమె గీతలు గీసుకుంది. ప్రమాణం రోజు పక్కనున్న ఆయన మనుషులను నలుగురిని పిలిచి విడివిడిగా అడిగింది. నలుగురూ అదే చెప్పారు.

"'ఈ మిషన్' అన్నాడా, 'ఏ మిషనైనా' అన్నాడా?"

"ఈ మిషన్ అనే అన్న్యాడు. చెయ్యి దాని మీదనే పెట్టినాడు గదా" అన్నాడొకడు విసుగ్గా.

ఆమె రాసింది మొదటి నుంచి చదివి వినిపించింది. "ఇంతే గదా? తక్కువా లేదు, ఎక్కువా లేదు?"

"అంతే" అన్నాడు పెద్దాయన.

పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. గోడకు ఆనించిన సమ్మెట తీసుకుంది. ఏం చేయబోతోందో ఎవరికీ అర్థం కాకముందే మొదటి దెబ్బ మిషన్ డ్రమ్ము ఇరుసు మీద పడింది. పోత ఇనుము పగిలి ముక్క ఎగిరి ఒకడి నుదుటికి తగిలింది. "సెక్రెట్రీ!" అని మిషనన్న పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. కన్నబిడ్డ మీద బండి ఎక్కితే తండ్రి అలా అరుస్తాడు. రెండో దెబ్బకు పళ్లు వరసగా ఊడి రాలాయి. మూడో దెబ్బకు ఒకడు పరిగెత్తుకొచ్చి పైపుతో ఆమె కుడిచేతి మీద కొట్టాడు. సమ్మెట జారింది. ఆమె ఎడమచేత్తో దాన్ని రొమ్ముకు అదుముకుని ఎత్తి, గాలి చక్రం మీద పడేసింది. బరువు ఆపుకోలేక కుడిచెయ్యి మిషన్ అంచు మీద ఆనించింది. ఆనించిన చేతి మీద వాడు మళ్లీ కొట్టాడు. కింద ఇనుము, పైన ఇనుము. ఎముక నలిగిన చప్పుడు ఆయిలు డ్రమ్ము వెనకున్న నాకు వినపడింది.

"చాల్రా" అన్నాడు పెద్దాయన.

ఆమె మొహం సున్నంలా తెల్లబడింది. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఎక్కించుకో. ఈ మిషన్ ఇదే. ఇంగెవురికీ ఇయ్యలేదు, నీకే ఇచ్చినాం. మా అన్న మాట తప్పలేదు. అన్న నీ వెంట వస్తాడని ప్రమాణంలో యాడా లేదు. నీ మనుషులే నాలుగు సార్లు చెప్పిరి."

హైవే మీద బస్సు ఒకటి ఆగింది. జనం దిగి చూస్తున్నారు. పెద్దాయన వాళ్లను చూశాడు, తన మనుషులను చూశాడు. వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. కర్పూరం మీద చెప్పిన మాటకు తర్వాత ఇంకో అర్థం చెప్పడం మొదలుపెడితే, ఆయన అరుగు ఎక్కేవాడు ఉండడు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆ ఇనప ముక్కలన్నీ ఏరి ట్రాలీలో వేయించుకుని, వెనక్కి చూడకుండా పోయాడు.

నేను డ్రమ్ము వెనకనుంచి లేచాను. ఆమె నా చొక్కాలోంచి పొడుచుకొచ్చిన డ్రాయింగుల చుట్టను చూసింది. "ఏమప్పా డ్రాయింగూ, దాక్కునేది గూడా ఒక పనేనా!" అని, అలాగే పక్కకు వాలిపోయింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. మస్తాన్‌కు తలకు కుట్లు పడ్డాయి. అంత జరిగాక మిషనన్న ఏం చేయాలి? డ్రాయింగులు ఉన్నాయి, కంపెనీవాళ్లు ఎదురుచూస్తున్నారు, కొత్త మిషన్ మొదలుపెట్టాలి. ఆయన పనిముట్లు ముట్టుకోలేదు. ఇరవై రోజులు షెడ్డులో మూలన కూచుని అరచేతిలో బొబ్బ మానిన మచ్చను చూసుకున్నాడు. "మాటను మాటతో మోసం చేసినాం. 'ఈ'కి 'ఏ'కి తేడా పెట్టి దాటుకునేదానికి దేవుడేమన్నా పంచాయితీ మనిషా?" అనేవాడు. నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది. ఒకామె చెయ్యి పోయింది, ఈయనకు దేవుడి లెక్క తేలలేదు. పోయి ఆమెకు చెప్పాను.

"పిలుచుకోని రా. డ్రాయింగులు గూడా తే" అంది.

ఆయన వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆమె చూపును తప్పించుకుంటున్నాడు.

"మొదలుపెట్టలేదంటనే అన్నా."

"ప్రమాణం ఉండాది సెక్రెట్రీ."

ఆమె కట్టు కట్టిన మొండి చేతిని దుప్పటి కిందనుంచి బయటికి తీసింది. "చేతులు పడిపోవల్ల అంటివి. పడింది. చూడు."

ఆయన చూడలేదు. "నా చేతులు అంటిని."

"ఇన్నేండ్లూ నీ ఉత్తరాలు రాసిందెవురు? నీ తరఫున అని రాసి సంతకం పెట్టిందెవురు? ఈ చెయ్యే గదా. ఇది నీ చెయ్యి గాకుంటే ఇంగెవురిదప్పా?"

ఆయన తన అరచేతి మచ్చను రుద్దుకున్నాడు. మూర్ఖుడు, సత్యవంతుడు, రెండూ ఒకటే మనిషి. చివరికి నసిగాడు. "చేతులు అంటిని గదా సెక్రెట్రీ. ఒకటని అనలేదే."

ఆమె ఎడమచేతిని మంచం ఇనప కమ్మీ మీద చాపి పెట్టింది.

"అట్లయితే ఇదో, ఇది గూడా నీదే. యాడన్నా కొడవలి తేపో."

వార్డులో అందరూ ఇటు తిరిగారు. మందుల తట్ట పట్టుకొచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. సెక్రెటరీ మొహంలో ఎగతాళి లేదు. ఆయన తెస్తే చెయ్యి వెనక్కి తీసుకోదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మిషనన్న మోకాళ్ల మీద కూలబడి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, మొహానికి అదుముకుని, పెద్దగా ఏడ్చాడు. లేచి, "ఇది ఉండనీమ్మా. దీనికి పనుండాది" అన్నాడు. నా చంకలోని డ్రాయింగుల చుట్టను లాక్కుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను అక్కడే నిలబడి ఏడుస్తున్నాను. ఆమె మంచం మీంచి నా వైపు చూసింది.

"ఏడ్చేది మళ్లా ఏడుద్దువు. ముందు ఆయప్ప ఎనకాల పరిగెత్తు. దావలో ఎవురికన్నా మాటిచ్చేస్తాడు!"